సొమ్ము సైన్యానిది, హక్కు ఎవరిది?

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద జరిగే సభల్లో మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. భీమవరంలో పుట్టాడు, అమెరికాలో గొప్ప మందులు కనిపెట్టాడు, నోబెల్ బహుమతి రాలేదు. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి వక్తల గొంతు బరువెక్కుతుంది. నాకు మాత్రం ఆ లోటు అంత పెద్దదిగా తోచదు. ఆయన ఏ అవసరం కోసం పనిచేశాడు, ఎవరి జీతం తీసుకుని పనిచేశాడు, ఆ పనికి పండిన పంట ఎవరి గాదెలో చేరింది అన్న ప్రశ్నలే నన్ను ఎక్కువగా పట్టుకుంటాయి. ఈ పూట వాటి గురించే మాట్లాడతాను. ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే, సైన్యం అవసరం కోసమో సైన్యం డబ్బుతోనో సాగిన పరిశోధన నుంచి ఒక కొత్త వస్తువు పుట్టినప్పుడు, దాని పేటెంటు ఎవరికి దక్కుతుంది, ఎందుకు దక్కుతుంది అన్నది నా విషయం.

ఆయన కథతోనే మొదలుపెడతాను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు సమోవా వంటి దక్షిణ పసిఫిక్ దీవుల్లో దిగారు. అక్కడ శత్రువు కంటే ముందు దోమ కుట్టింది. వేలమందికి ఫైలేరియా సోకింది. చేతులు వాచాయి, గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. కుర్రాళ్ళు చావుకు వెరవలేదు కానీ బోదకాలు వస్తుందేమో, పిల్లలు పుట్టరేమో అని హడలిపోయారు. చాలామందిని ఓడలెక్కించి వెనక్కి పంపాల్సి వచ్చింది. అప్పటికి చేతిలో ఉన్నవి ఆర్సెనిక్, యాంటిమొనీ మందులు. వాటితో రోగికి జరిగే హాని తక్కువేమీ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలకు అప్పుడు సుబ్బారావు పరిశోధన డైరెక్టరు. ఆయన బృందం ఒకదాని తరవాత ఒకటిగా రసాయనాలను ఎలుకల మీద పరీక్షించి, చివరికి డైఈథైల్ కార్బమజీన్ దగ్గర ఆగింది. 1947లో దాని ఫలితాలు వెలువడ్డాయి. బజారులో దాని పేరు హెట్రజాన్. గోదావరి జిల్లాల పెద్దవాళ్ళకు ఈ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. ఇవాళ ఆరోగ్య కార్యకర్తలు ఊళ్ళో ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్ర అదే.

అంటే మందు చేతికొచ్చేసరికి యుద్ధం ముగిసిపోయింది. సైనికులు ఇళ్ళకు వెళ్ళిపోయారు. సైన్యానికి కలిగిన బెంగ నుంచి పుట్టిన మందు, ఆ సైన్యం ఎన్నడూ అడుగుపెట్టని మన కాలవగట్ల ఊళ్ళకు ఉపయోగపడింది. ఇలాంటివి చెప్పి చాలామంది యుద్ధమే విజ్ఞానానికి తల్లి అంటారు. నేనైతే ఒప్పుకోను. యుద్ధం తొందరపెడుతుంది, డబ్బు పారబోస్తుంది, అంతే. ఆ డబ్బు తరవాత ఏ దారి పడుతుందో తేల్చేది యుద్ధం కాదు, కాంట్రాక్టులో ఎవరూ చదవని ఒక పేజీ. హెట్రజాన్ విషయంలో ఆ పేజీ సూటిగానే ఉంది. జీతం కంపెనీది కనుక హక్కు కంపెనీది. పేటెంటు కాగితం మీద తన పేరు చూసుకోవాలన్న యావ సుబ్బారావుగారికి లేదు. అది ఆయన గొప్పతనం. అందరూ ఆయనలా ఉంటారనుకుని చట్టాలు రాయలేం కదా.

ఆ పేజీ చరిత్ర తమాషాగా ఉంటుంది. 1941లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం శాస్త్ర పరిశోధన, అభివృద్ధి కార్యాలయం ఒకటి తెరిచింది. దాని అధిపతి వానెవర్ బుష్. ఇంజనీరు, రేథియాన్ కంపెనీ స్థాపకుల్లో ఒకడు. సైంటిస్టులందరికీ యూనిఫాం తొడిగి ఒకచోట కూర్చోబెట్టే పద్ధతి ఆయనకు నచ్చలేదు. ఎవరి యూనివర్సిటీలో, ఎవరి కంపెనీలో వాళ్ళను ఉండనిచ్చి, పనిని కాంట్రాక్టు మీద అప్పజెప్పాడు. ఇవాళ ప్రపంచమంతా అనుసరిస్తున్న పద్ధతి అదే. కాంట్రాక్టు అనగానే పేటెంటు ప్రశ్న వచ్చింది. బుష్ ఆఫీసు రెండు రకాల షరతులు తయారుచేసింది. వాటిని పొడుగు ఫారం, పొట్టి ఫారం అనేవారు. పొడుగు ఫారంలో పేటెంటు కాంట్రాక్టరుకే ఉంటుంది, ప్రభుత్వానికి రాయల్టీ కట్టకుండా వాడుకునే లైసెన్సు దక్కుతుంది. పొట్టి ఫారంలో హక్కు ఎవరికివ్వాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కంపెనీలు సహజంగానే పొడుగు ఫారం అడిగాయి, ఎక్కువ కాంట్రాక్టుల్లో దాన్నే సాధించుకున్నాయి.

దీన్ని ఎదిరించినవాడు వెస్ట్ వర్జీనియా సెనేటరు హార్లీ కిల్గోర్. ప్రజల పన్నుతో కనిపెట్టినది ప్రజలదే, దాన్ని పెద్ద కంపెనీల చేతిలో పెట్టకూడదు అన్నది ఆయన వాదన. యుద్ధం తరవాత జాతీయ సైన్సు సంస్థ పెట్టాలన్నప్పుడు బుష్‌కూ కిల్గోర్‌కూ మధ్య ఏళ్ళతరబడి నలిగిన గొడవల్లో ఇదొకటి. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ ఒక బిల్లును వీటో కూడా చేశాడు, దానికి వేరే కారణాలున్నాయి. చివరికి 1950లో సంస్థ వచ్చింది, పేటెంటు ప్రశ్న మాత్రం తేలలేదు. ఆ తరవాత ముప్పయ్యేళ్ళు ఒక్కో శాఖ ఒక్కో దారి పట్టింది. రక్షణశాఖ కాంట్రాక్టరుకే హక్కు వదిలేది, అణుశక్తి వాళ్ళు తమ దగ్గరే పెట్టుకునేవారు.

బుష్ దుర్మార్గుడేమీ కాదు. కంపెనీలు తమ మంచి ఇంజనీర్లను ఇవ్వాలంటే ఏదో ఆశ చూపాలి, హిట్లర్ ఆగడు కదా అన్నది ఆయన తొందర. ఆ తొందర ఖరీదు తరవాత తెలిసింది. సూక్ష్మతరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ సంగతి చూడండి. బ్రిటిష్ నౌకాదళం డబ్బుతో 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రాండల్, బూట్ అనే ఇద్దరు దాన్ని పనిచేయించారు. అదే ఏడాది సెప్టెంబరులో బ్రిటన్ దాన్ని ఓడలో పంపించి అమెరికా చేతిలో పెట్టింది. అమెరికా కంపెనీలు రాడార్ల కోసం దాన్ని వేలకొద్దీ తయారుచేశాయి. 1945 అక్టోబరులో రేథియాన్ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్, అవే సూక్ష్మతరంగాలతో ఆహారం వండే పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. వంటింటి మైక్రోవేవ్ అలా వచ్చింది. స్పెన్సర్ తెలివి స్పెన్సర్‌దే, కాదనను. కానీ సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇది హక్కును వదిలేసిన కథ. బిగించి పట్టుకున్న కథ లియో జిలార్డ్‌ది. 1934లో ఈ హంగేరీ శరణార్థి లండన్‌లో ఉన్నాడు. న్యూట్రాన్ ఒక పరమాణువును తాకితే రెండు న్యూట్రాన్లు బయటపడే మూలకం దొరికితే గొలుసుకట్టు చర్య సాగుతుందని ఊహించి, దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అప్పటికి ఆ మూలకం ఏదో ఆయనకు తెలియదు. యురేనియం చీలుతుందని తెలియడానికి ఇంకా నాలుగేళ్ళుంది. డబ్బు కోసం కాదు, రహస్యం కోసం ఆయనకు పేటెంటు కావాలి. బ్రిటన్‌లో ఒక మార్గం ఉంది. పేటెంటును సైన్యానికి రాసిచ్చేస్తే అది అచ్చులోకి రాదు. ముందు యుద్ధశాఖను అడిగాడు. దీన్ని దాచాల్సిన అవసరం మాకు కనిపించలేదు పొమ్మన్నారు. 1936లో నౌకాదళం తీసుకుంది. ఆ పత్రం ప్రజల కంటబడింది 1949లో. అప్పటికి హిరోషిమా, నాగసాకి రెండూ బూడిదై నాలుగేళ్ళు.

ప్రపంచంలో నాకు బాగా నచ్చిన పేటెంటు అది. పేటెంటు అంటేనే ఒక బేరం. రహస్యం బయటపెట్టు, బదులుగా కొన్నేళ్ళు గుత్తహక్కు తీసుకో అంటుంది రాజ్యం. జిలార్డ్ ఆ బేరాన్ని తలకిందులు చేసి, మూతపెట్టడానికి వాడుకున్నాడు. తరవాత అమెరికా వెళ్ళి భౌతికశాస్త్రవేత్త ఫెర్మీతో కలిసి రియాక్టరు పని మొదలుపెట్టాక, తన హక్కుల విషయమై అణుబాంబు పథకం అధిపతి జనరల్ గ్రోవ్స్‌తో నెలల తరబడి పేచీ పడ్డాడు. గ్రోవ్స్‌కు ఈయన పొడ గిట్టదు. ఆఖరికి 1943లో 15 వేల డాలర్ల పైచిలుకు ఇచ్చి సైన్యం ఆ హక్కులు రాయించుకుంది. ఫెర్మీ, జిలార్డ్ ఇద్దరి పేరా రియాక్టరు పేటెంటుకు 1944 డిసెంబరులో రహస్యంగా దరఖాస్తు పడింది. మంజూరైంది 1955 మేలో. ఫెర్మీ అప్పటికి లేడు.

ఆ బాంబు పథకంలో, అంటే మన్‌హట్టన్ ప్రాజెక్టులో, ఇలా రహస్య పేటెంట్లకు పెద్ద కార్ఖానాయే నడిచింది. బాంబుకు సంబంధించిన ప్రతి చిన్న ఊహనూ పట్టి ప్రభుత్వం పేర రాయించమని ఆదేశం. రేపు ఎవడో ప్రైవేటువాడు ఇది నేను ముందు కనిపెట్టాను అని కోర్టుకెక్కకుండా ముందుజాగ్రత్త. రిచర్డ్ ఫైన్‌మన్ దీని గురించి ఒక హాస్యకథ చెప్పుకున్నాడు. పేటెంటు అధికారి వచ్చి, అణుశక్తి ఉపయోగాలు ఏమైనా తడితే చెప్పండి అన్నాడట. అందరికీ తెలిసినవే కదా, జలాంతర్గామిలో పెడితే జలాంతర్గామి, విమానంలో పెడితే విమానం అని ఈయన కొన్ని గడగడా చెప్పేశాడు. కొన్నాళ్ళకు అణు విమానం ఫైన్‌మన్ పేర పేటెంటుకెక్కింది. హక్కు రాసిచ్చినందుకు కాగితం మీద ఒక డాలరు ఇస్తామని ఉంది. ఆ డాలరు ఏదీ అని ఈయన పట్టుబట్టాడు. ఆ పద్దుకింద డబ్బు లేకపోవడంతో అధికారి తన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ సంగతి ఊరంతా పాకి, సంతకాలు పెట్టిన సైంటిస్టులందరూ డాలరు కోసం ఆ అధికారి గుమ్మం ముందు నిలబడ్డారట.

నవ్వు పక్కనపెడితే, అణుశక్తి విషయంలో అమెరికా ఆ పేజీని గట్టిగానే రాసుకుంది. 1946 చట్టం ప్రకారం అణ్వాయుధాలకు ప్రైవేటు పేటెంటే లేదు. మన పేటెంట్ల చట్టం 1970లో వచ్చినప్పుడు దాని నాలుగో సెక్షను కూడా అణుశక్తి ఆవిష్కరణలకు పేటెంటు ఇవ్వకూడదంది. కనుక ప్రభుత్వాలకు ఈ పేజీ రాయడం చేతకాదు అనుకోకండి. భయం ఉన్నచోట చక్కగా రాస్తాయి.

రహస్యం పెట్టుకున్నవాడికి దక్కేదేమిటి, బయటపెట్టినవాడికి దక్కేదేమిటి అన్నది తేల్చి చూపే కథ మీ జేబుల్లో ఉన్న ఫోన్లలోనే ఉంది. బ్యాంకు యాప్ తెరిచిన ప్రతిసారీ మీ ఫోనూ బ్యాంకు కంప్యూటరూ ముందుగా ఒక తాళంచెవి మీద ఒప్పందానికి వస్తాయి. ఇద్దరూ ముందెన్నడూ కలుసుకోకుండానే రహస్యం మాట్లాడుకోవచ్చునని మొదట ఊహించింది బ్రిటిష్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో జేమ్స్ ఎలిస్, 1970లో. 1973లో అప్పుడే ఉద్యోగంలో చేరిన క్లిఫర్డ్ కాక్స్ అనే కుర్రాడు పెద్ద ప్రధాన సంఖ్యల గుణకారంతో దానికి లెక్క కుదిర్చాడు. ఆ సంస్థ దాన్ని బీరువాలో పెట్టింది. పేటెంటు లేదు, అచ్చు లేదు, వాడకమూ అంతంతమాత్రమే. నాలుగేళ్ళకు అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో రివెస్ట్, షమీర్, ఎడెల్‌మన్ అనే ముగ్గురు అదే లెక్కను సొంతంగా కనిపెట్టారు. వాళ్ళ పరిశోధనకు డబ్బిచ్చినవాళ్ళలో అమెరికా నౌకాదళం ఒకటి. పేటెంటు పత్రం మీదే ఆ కాంట్రాక్టు నంబరు ఉంటుంది, ప్రభుత్వానికి దీనిమీద హక్కులున్నాయన్న వాక్యంతో సహా. 1977 డిసెంబరులో దరఖాస్తు, 1983 సెప్టెంబరులో మంజూరు. హక్కుదారు వాళ్ళ విద్యాసంస్థ, వాళ్ళు పెట్టిన కంపెనీకి లైసెన్సు. నౌకాదళం డబ్బుతో పుట్టిన లెక్కకు అమెరికా వ్యాపారులు 2000 సంవత్సరం దాకా రుసుం కట్టారు.

అమెరికా బయట కట్టనక్కర్లేకపోయింది. దానికి కారణం సరదాగా ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందే, 1977 ఆగస్టులో, మార్టిన్ గార్డ్‌నర్ తన గణితం శీర్షికలో ఈ పద్ధతిని లోకానికి చెప్పేశాడు. అమెరికా చట్టం ప్రకటించాక కూడా ఏడాది గడువు ఇస్తుంది, మిగతా దేశాల్లో చాలావాటికి ఆ దయ లేదు. ఒక పత్రికా రచయిత పుణ్యమా అని ప్రపంచానికి ఆ లెక్క ఉచితంగా దొరికింది. సైన్సు రాసేవాణ్ణి గనక ఈ సంగతి చెప్పుకోవడం నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

ఎలిస్ మాట? 1997 డిసెంబరులో జీసీహెచ్‌క్యూ తమవాళ్ళే ముందు కనిపెట్టారని బయటపెట్టింది. ఎలిస్ అంతకు కొన్ని వారాల ముందే, నవంబరులో పోయాడు.

ఈ బ్రిటిష్‌వాళ్ళే పదిహేనేళ్ళ తరవాత ఇంకో వేషం వేశారు. జీపీఎస్ ఉపగ్రహాలకు ఖర్చంతా అమెరికా రక్షణశాఖది. సంకేతం అందరికీ ఉచితం. 2004లో అమెరికా, ఐరోపా సమాఖ్య తమ ఉపగ్రహ వ్యవస్థలు రెండూ ఒకే తీరు సంకేతం పంపాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ సంకేతం తీరు మీద బ్రిటన్ రక్షణశాఖ పరిశోధకులు పేటెంట్లు వేసుకున్నారు, ఆ శాఖ తరపు లైసెన్సుల సంస్థ తయారీదారులను రాయల్టీ అడిగింది. మిత్రదేశాల మధ్య ఇదేం పని అని గోల లేచింది. 2013 జనవరిలో అమెరికా, బ్రిటన్ ప్రభుత్వాలు ఉమ్మడి ప్రకటన చేశాయి, బ్రిటన్ ఆ హక్కులను వదులుకుంది. దాచి నష్టపోయామన్న మంట ఒక ప్రభుత్వాన్ని ఎంతదూరం తీసుకుపోగలదో అనుకున్నాను అది చదివినప్పుడు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. సుబ్బారావుగారి పేరున్న సభలో ఇది చెప్పకపోతే తప్పవుతుంది, ఎందుకంటే ఇది కేన్సరు మందు కథ.

1980 డిసెంబరులో అమెరికా ఆ ముప్పయ్యేళ్ళ గందరగోళానికి తెర దించింది. బర్చ్ బై, బాబ్ డోల్ అనే ఇద్దరు సెనేటర్లు తెచ్చిన చట్టం, ప్రభుత్వ డబ్బుతో కనిపెట్టినవాటిని యూనివర్సిటీలూ చిన్న కంపెనీలూ సొంతం చేసుకోవచ్చునంది. దాని తరపున అప్పుడు తరచుగా వినిపించిన లెక్క ఒకటుంది. ప్రభుత్వం చేతిలో 28 వేల పేటెంట్లు మూలుగుతున్నాయి, వాటిలో నూటికి అయిదు కూడా ఎవరూ వాడుకోవడం లేదు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. చాలా ఏళ్ళ తరవాత రెబెకా ఐసెన్‌బర్గ్ అనే న్యాయశాస్త్ర పండితురాలు ఆ లెక్కను విప్పి చూపించింది. ఆ మూటలో పెద్ద భాగం రక్షణశాఖ కాంట్రాక్టులవి. ఆ కాంట్రాక్టర్లకు హక్కు తీసుకునే వీలు ముందే ఉంది. మాకొద్దు అని వాళ్ళు వదిలేసినవే ప్రభుత్వం దగ్గర మిగిలాయి. వాటిని ఎవరూ వాడుకోకపోవడంలో వింతేముంది? సైన్యం కాంట్రాక్టర్లు ఏరుకోగా మిగిలిన తాలుగింజలను చూపించి, యూనివర్సిటీల ధాన్యం మీద చట్టం చేశారు.

అయితే చట్టంలో ఒక తలుపు ఉంచారు. హక్కుదారు ఆ ఆవిష్కరణను జనానికి సబబైన తీరులో అందించకపోతే, డబ్బిచ్చిన ప్రభుత్వ శాఖ జోక్యం చేసుకుని వేరేవాళ్ళకు లైసెన్సు ఇప్పించవచ్చు.

ఇక మందు. అమెరికా సైన్యం కేన్సరు పరిశోధనకు డబ్బిస్తుందంటే చాలామంది నమ్మరు. 1990ల మొదట్లో రొమ్ము కేన్సరు బాధితుల సంఘాలు పరిశోధనకు నిధులు పెంచమని పోరాడాయి. ఆనాటి బడ్జెట్ చట్టం రక్షణ పద్దులోంచి పౌర పద్దులోకి డబ్బు మళ్ళించనివ్వదు. సెనేటర్ టామ్ హార్కిన్‌కు ఉపాయం తట్టింది. డబ్బు మళ్ళించలేకపోతే కేన్సరునే సైన్యం పద్దులో పెడదామన్నాడు. అలా 1993 ఆర్థిక సంవత్సరానికి 21 కోట్ల డాలర్లు సైన్యం చేతికి వచ్చాయి. 1997లో ప్రొస్టేట్ కేన్సరు కూడా చేరింది. ఆ నిధుల నుంచీ జాతీయ ఆరోగ్య సంస్థల నిధుల నుంచీ డబ్బు అందుకుని, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చార్లెస్ సాయర్స్, మైకేల్ జంగ్ బృందం ఒక అణువును తయారుచేసింది. పురుష హార్మోను కేన్సరు కణంలో పట్టుకునే కొక్కేన్ని అది మూసేస్తుంది. పేరు ఎంజాలుటమైడ్. యూనివర్సిటీ దాన్ని మెడివేషన్ అనే కంపెనీకి ఇచ్చింది. 2012 ఆగస్టులో ఎక్స్‌టాండీ పేర అమెరికాలో అనుమతి వచ్చింది. మంచి మందు, రోగులకు ఆయుష్షు పొడిగించింది.

2016 నాటికి దాని ధర ఏడాదికి సుమారు 1,29,000 డాలర్లు. మిగతా సంపన్న దేశాల్లో దీనికి సగమో, నాలుగో వంతో. ఆ ఏడాదే ప్రజాహిత సంఘాలు ఆ తలుపు తట్టాయి. ఆరోగ్య సంస్థలనూ, రక్షణశాఖనూ అడిగాయి. మీ డబ్బుతో పుట్టిన మందును మీ జనానికే అందరికంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు, చట్టం ఇచ్చిన అధికారం వాడండి అన్నాయి. రెండు చోట్లా కాదన్నారు. అదే ఏడాది మార్చిలో యూనివర్సిటీ, తన పరిశోధకులతో, హోవర్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్‌తో పంచుకోవాల్సిన రాయల్టీ హక్కును 114 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఆ తరవాత ఫైజర్ మెడివేషన్‌ను సుమారు 1,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. రోగులే స్వయంగా వేసిన మరో అర్జీని 2023 మార్చిలో తోసిపుచ్చారు. కారణం ఏమంటే మందు బజారులో దొరుకుతోంది కదా, అందుబాటులో ఉన్నట్టే అన్నారు. ధరను అందుబాటులో భాగంగా లెక్కించలేదు. 1980లో పెట్టిన ఆ తలుపును ఇంతవరకూ ఏ శాఖా తెరిచిందే లేదు.

అదే యూనివర్సిటీ మన దేశంలోనూ పేటెంటు అడిగింది. 2016 నవంబరులో మన పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. తెలిసిన అణువుకు చిన్న మార్పు చేసి కొత్తది అంటే కుదరదన్నది మన చట్టం పట్టుదల. యూనివర్సిటీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఈలోగా మన కంపెనీలు జెనరిక్ మాత్రలు తయారుచేసి, అమెరికా ధర పక్కన పెట్టి చూస్తే నమ్మలేనంత తక్కువకు అమ్ముతున్నాయి. అమెరికా పన్నుదారు సొమ్ముతో పుట్టిన మందు గుంటూరు రోగికి అందినంత తేలిగ్గా కాలిఫోర్నియా రోగికి అందని పరిస్థితి. దీన్ని చూసి మనం చంకలు గుద్దుకోనక్కర్లేదు. మన సొంత సైనిక పరిశోధన సంగతి ఏమిటని అడగాలి.

హైదరాబాదు వాళ్ళం ఈ ప్రశ్న అడగడానికి అందరికంటే తగినవాళ్ళం. కంచన్‌బాగ్ నుంచి బాలాపూర్ దాకా డీఆర్‌డీవో ప్రయోగశాలల పక్కనే కాపురాలుంటున్నాం. మనకు తెలిసిన మొదటి కథ కలామ్‌ది. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరు చేత్తో పట్టుకు చూశారు. పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుని నడుస్తున్నారు, దీంతో చేస్తే ఎలా ఉంటుందని అడిగారు. 300 గ్రాముల కాలిపర్ తయారైంది. కలామ్ చాలా ప్రసంగాల్లో తన జీవితంలో గొప్ప ఆనందాల్లో ఇదొకటని చెప్పారు. ఆ కథలో నాకు నచ్చేది దాని పరిమాణం. అందులో కంపెనీ లేదు, రాయల్టీ లేదు, ఒక డాక్టరు ప్రశ్న, ఒక ఇంజనీరు వినడం ఉన్నాయి. కానీ ఒక్కో కాలిపర్ వెనక ఒక్కో కలామ్ ఉండడు. సంస్థ నడవాలంటే కాగితం కావాలి.

ఆ కాగితం తాలూకు ఒక ఉదాహరణ 2-డీజీ. కోవిడ్ రెండో అల ఉద్ధృతంగా ఉన్న 2021 మే నెలలో డీఆర్‌డీవో ఢిల్లీ ప్రయోగశాల, హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కలిసి ఈ పొడిమందును తెచ్చాయి. అణువు కొత్తది కాదు, కేన్సరు పరిశోధనలో దశాబ్దాలుగా తెలిసిందే. మూడో దశ పరీక్షల్లో 220 మంది రోగులు. అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది, ధర ప్యాకెట్టుకు 990 రూపాయలు పెట్టారు. ఆధారాలు చాలవని చాలామంది డాక్టర్లు అన్నారు, జాతీయ చికిత్సా సూచనల్లో దానికి చోటు దొరకలేదు. నా దృష్టిలో ఆ మందు పనితనం ఒక ప్రశ్న, దాని కాగితం ఇంకో ప్రశ్న. ఆ జూన్‌లోనే డీఆర్‌డీవో మరిన్ని కంపెనీలకు కూడా తయారీ పరిజ్ఞానం ఇస్తామని దరఖాస్తులు పిలిచింది. ఒకరికే కట్టబెట్టకుండా పదిమందికి తెరవడం మంచి పనే. అంతకుముందు 2019లో తన పేటెంట్లను భారతీయ పరిశ్రమలు రుసుం లేకుండా వాడుకోవచ్చన్న విధానం కూడా ఆ సంస్థ ప్రకటించింది. అదీ మంచిదే. కానీ రుసుం వదులుకున్నప్పుడు ప్రజల తరపున ఇంకేదో ఒకటి అడగాలి. ధరకు పైహద్దు అయినా పెట్టాలి, తయారుచేసి తీరాలన్న గడువైనా పెట్టాలి. ఉచితం అన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఎవరికి ఉచితమో అడిగితే, తయారీదారుకు. కొనుక్కునే రోగికి ప్యాకెట్టు మీద ధర ఉండనే ఉంటుంది.

మనకూ ఒక బై, డోల్ చట్టం తేవాలని 2008 డిసెంబరులో రాజ్యసభలో బిల్లు పెట్టారు. ప్రజాధనంతో పుట్టిన మేధోసంపత్తి రక్షణ, వినియోగం బిల్లు. అమెరికా నమూనాను దించిందని విమర్శలొచ్చాయి. 2014లో వెనక్కి తీసుకున్నారు. ఆ బిల్లు పోయినందుకు నాకు దిగులు లేదు. దాని చోట మరొకటి రాకపోవడమే నాకు నచ్చలేదు. ఇప్పుడు ఒక్కో సంస్థ ఒక్కో నియమావళి రాసుకుని నడుస్తోంది. కిల్గోర్ ఓడిపోయిన చోటనే మనం ఇంకా నిలబడి ఉన్నాం. నన్నడిగితే రక్షణ పరిశోధన నుంచి బయటికి వెళ్ళే ప్రతి పరిజ్ఞానం ఒప్పందంలోనూ పేటెంటు షరతు, ధర షరతు రెండూ వెబ్‌సైటులో పెట్టాలి. ఆయుధాలవి దాచుకోండి. మందులవీ, కాలిపర్లవీ, రైలుపెట్టెల మరుగుదొడ్లవీ దాచాల్సిన రహస్యాలు కావు. అవునన్నట్టు, ఇవాళ రైళ్ళలో మలాన్ని కింద పట్టాల మీద పడనివ్వని ఆ మరుగుదొడ్డి కూడా సియాచిన్ సైనికుల కోసం డీఆర్‌డీవో పెంచిన చలి తట్టుకునే బాక్టీరియా ఇచ్చిన ఫలమే. దాని మీద ఎవరూ కవిత్వం రాయరు గానీ, నా లెక్కలో అది చిన్న విజయం కాదు.

చివరగా, వెనక వరసల్లో కూర్చున్న పరిశోధక విద్యార్థులకు ఒక పని చెబుతాను. మీలో కొందరికి రేపు రక్షణశాఖ ప్రాజెక్టులో ఫెలోషిప్పు వస్తుంది. మన పేటెంటు చట్టం 35వ సెక్షను కింద మీ దరఖాస్తును రహస్యంగా ఉంచమని ఆదేశం రావచ్చు. 39వ సెక్షను ప్రకారం, ముందు మన దేశంలో దరఖాస్తు పెట్టి ఆరు వారాలైనా ఆగాలి, లేదా కార్యాలయం రాతపూర్వక అనుమతైనా తీసుకోవాలి, ఈ రెండింటిలో ఏదీ చెయ్యకుండా విదేశాల్లో పేటెంటు వెయ్యకూడదు. ఆ తప్పు చేస్తే ఇక్కడి దరఖాస్తు పోతుంది, శిక్ష కూడా ఉంటుంది. ఇవన్నీ కాక, మీ చేతికొచ్చే మంజూరు ఉత్తరంలో మేధోసంపత్తి అని ఒక పేజీ ఉంటుంది. సంతకం పెట్టేముందు దాన్ని చదవండి. అర్థంకాకపోతే మీ గైడుని అడగండి. ఆయనా చదవలేదని తేలితే ఇద్దరూ కలిసి రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళండి. అక్కడ కాస్త ఆలస్యమవుతుంది, మధ్యాహ్నం భోజనం ముందే చేసి వెళ్ళండి.